మూడు మూలల ఇంజను

విమానాన్ని ఇంటి దగ్గరే కట్టుకుంటారంటే మొదట్లో నేనూ నమ్మలేదు. అమెరికాలో దానికి చట్టబద్ధమైన దారే ఉంది. సగానికి పైగా పనిని ఔత్సాహికులు స్వయంగా చేసి ఉండాలి. అలా రెండు సీట్ల విమానం కడుతున్న మిత్రుడొకరు దానికి పాత మాజ్దా కారులోని 13బి రోటరీ ఇంజను అమరుస్తున్నారు. ఏడాదిగా నా శనివారాలు చాలావరకు ఆయన షెడ్డులోనే గడిచాయి.

రోటరీ అంటే మొదటి ప్రపంచయుద్ధపు విమానాలలోవి అనుకునేరు. వాటిలో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గిరగిరా తిరిగేవి. ఇది జర్మనీవాడైన ఫెలిక్స్ వాంకెల్ ఊహ. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. ఉబ్బిన అంచుల త్రికోణాలు రెండు, చెరొక గదిలో తిరుగుతుంటాయి. త్రికోణం ఒక చుట్టు తిరిగేసరికి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లరు అంత వేగాన్ని తట్టుకోదు కనుక మధ్యలో గేరుబాక్సు తప్పదు.

విప్పడం ఒక పూట పని. చూడవలసిందంతా ఆ తరువాతే. త్రికోణపు ప్రతి మూలలో 2 మిల్లీమీటర్ల మందాన ఒక సీలు ఉంటుంది. ఇంజను ఆయువంతా అందులోనే. అది రాసుకునే గది గోడకు క్రోమియం పూత. మా ఇంజనులో ఒక గదికి అంచున ఆ పూత కాస్త లేచింది. కారుకైతే ఎవరూ పట్టించుకోరు. కొత్తది ఖరీదు, పైగా ఆర్ఎక్స్-8 తయారీ 2012లోనే ఆగిపోయింది. ఆయన దాన్ని వెలుతురులో చాలాసేపు తిప్పి చూసి, "రెండో సీటు మా అమ్మాయిదండీ" అని పక్కన పెట్టేశారు.

బిగించాక ఒత్తిడి పరీక్ష. మామూలు గేజి మూడు ముఖాలలో మెరుగైనదాన్నే పట్టి చూపిస్తుంది, సీలు పోయినా దాచేస్తుంది. అందుకని అందులోని చిన్న వాల్వు తీసేసి, ముల్లు మూడుసార్లూ సమంగా ఎగురుతోందా అని చూశాం.

కదిలే భాగాలు తక్కువ, కాబట్టి చెడిపోయేవీ తక్కువ అని ఈ ఇంజను అభిమానులు మురిసిపోతారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. ఇంజను కంపెనీది, చుట్టూ ఉన్న గొట్టాలు, వైర్లు, రేడియేటర్లు మన చేతివి. ఈ ఇంజను వేడిలో పెద్ద భాగాన్ని ఆయిలే మోయాలి. చట్రానికి బిగించి నడిపిన తొలిరోజు నీటి ముల్లు కుదురుగానే ఉంది, ఆయిలు ముల్లు మాత్రం ఎక్కుతూనే పోయింది. ఆపేశాం. కూలరుకు గాలి వెళ్ళే దారిని మూడుసార్లు మార్చాక గానీ అది నిలవలేదు.

నేల మీద ఇప్పటికి 11 గంటలు నడిచింది. 25 దాటితే తప్ప విమానానికి ఎక్కించనంటున్నారు. ఆ పైన ఆకాశంలో ప్రయాణికులెవరూ లేకుండా, సాధారణంగా 40 గంటలు. అమ్మాయి మాత్రం హెడ్‌సెట్ రంగు ఇప్పుడే ఎంచుకుంది.