రెండు పినాకినుల మధ్య

27 సెప్టెంబర్ 2025, శనివారం. పెనుకొండ, రాత్రి

పెద్దదానికి ఎడారి చూడాలని కోరిక. జైసల్మేర్, ఒంటెలు, గుడారాలు అంటూ వేసవి నుంచీ ఒకటే పోరు. ఈయన రైళ్ళు, సెలవులు, ఖర్చు అన్నీ లెక్కేసి, "మా ఊళ్ళోనే ఉంది కదే ఎడారి, తాతనడుగు" అన్నారు. మామయ్యగారు చదువుతున్న పేపరు దించి "దాన్ని ఎడారన్నోడెవడు?" అన్నారు. దానికి జవాబు ఎవరూ చెప్పలేదు గానీ దసరా సెలవుల ప్రయాణం మాత్రం ఆ పూటే ఖాయమైంది. ముందు ఇసక, ఆ తర్వాత నల్లమలలో నడక.

తెల్లవారకముందే కిరుమాంబాక్కంలో బయల్దేరాం. ట్యాంకు నిండా పెట్రోలు ఇక్కడే. ఎల్ల దాటితే లీటరు ధర పెరుగుతుందన్నది పుదుచ్చేరిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక పీవై నంబరు బండి కనబడితే తమిళనాడు పోలీసులకి సీసాలే గుర్తొస్తాయి. డిక్కీ తెరిపించారు. దొరికిన సీసాల్లో ఒకటి మాగాయ, ఇంకోటి మామయ్యగారి మోకాళ్ళ తైలం. కానిస్టేబులు తైలం కూడా వాసన చూశాడు పాపం.

టిండివనం, సెంజి కోట కొండలు, తిరువణ్ణామలై. చెంగం దగ్గర సాత్తనూరు డ్యామ్ బోర్డు చూసి చిన్నోడు "అమ్మా, మన నీళ్ళ డ్యామ్!" అని అరిచాడు. వాడికి ఆ పేరు నిరుటి వరదతో పరిచయం. ఫెంజల్ తుఫాను నవంబర్ 30న మా తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్కరోజులోనే 45 సెంటీమీటర్లు దాటి వాన పడింది. హమ్మయ్య, తెరిపి ఇచ్చిందనుకునేలోపు సాత్తనూరు గేట్లెత్తారు. తెన్‌పెన్నై పొంగి బాహూరు వైపు ఊళ్ళ మీద పడింది. మా వీధి మెరక గనక గడప దాకా వచ్చి ఆగింది.

అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా పడే వాన సగటున 55 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి అప్పుడే మామయ్యగారికి చెప్పాను. "సగం మాకు పంపకపోయినారామ్మా" అన్నారు. నవ్వలేదు.

ఇవాళ దారంతా ఒక నదికి ఎదురెక్కడమే అయింది. కడలూరు దగ్గర సముద్రంలో కలిసే తెన్‌పెన్నైలోంచే సొర్ణావూరు ఆనకట్ట దగ్గర కాలువ చీలి మా బాహూరు చెరువుకి నీళ్ళొస్తాయి. ఊసుటేరి తర్వాత పుదుచ్చేరిలో పెద్ద చెరువు అదే. మా ఇంటి చుట్టుపక్కల వరి చేలన్నీ దాని పుణ్యమే. ఆ నదికే పైన సాత్తనూరు, ఇంకా పైన కృష్ణగిరి డ్యాము, హోసూరు దగ్గర కెలవరపల్లి. కెలవరపల్లి నీటి మీద మనిషెత్తు తెల్లటి నురగ లేచిన ఫొటోలు పేపర్లలో చూసినవే. బెంగళూరు మురుగు. మా చెరువులోకి అందులో ఎంత దిగుతోందో ఆలోచించకుండా సాంబారులోకి బాహూరు వంకాయలు కోస్తుంటాను.

బెంగళూరు దాటడానికే సగం ప్రాణం పోయింది. చిక్కబళ్ళాపురం దగ్గర ఎడమపక్క నంది కొండలు. దక్షిణ పినాకిని, అంటే మా తెన్‌పెన్నై, పుట్టింది అటే. ఉత్తర పినాకిని, అంటే వీళ్ళ పెన్న, పుట్టిందీ అటే. ఒకటి మాకూ కడలూరుకీ వస్తే ఇంకోటి అనంతపురం, కడప మీదుగా 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటాక సముద్రంలో పడుతుంది. యానాంలో గోదారి పాయ పక్కన పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళైన కొత్తలో ఈయన పెన్న చూపిస్తే "నది ఎక్కడ?" అన్నాను. ఆ మాట ఈ ఇంట్లో ఇప్పటికీ పండగలకి బయటికొస్తుంది.

28 సెప్టెంబర్. మామయ్యగారి ఊరు, కణేకల్లు వైపు

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు. పిల్లలకి మరమరాలు తడిపి తాలింపు వేస్తారంటే నమ్మకం కుదరలేదు. తిన్నాక ఇంకో ప్లేటు.

పదిగంటలకి చేను చూడ్డానికి వెళ్ళాం. చేను అన్నది పాసుపుస్తకంలో. కళ్ళకి కనబడేది ఇసక. హగరి ఏటి గట్టు మీంచి లేచి, వరసలు వరసలుగా, ఒక్కో దిబ్బ మా మేడంత. గాలి గీసిన గీతలు ఒకదాని పక్కన ఒకటి, ఎవరి అడుగూ పడకుండా. పెద్దది చెప్పులు విప్పి పరిగెత్తింది. ఫోన్లో ఒంటె లేని లోటు తప్ప అన్నీ దొరికాయి దానికి. చిన్నోడు పైనుంచి కిందికి దొర్లాడు, మళ్ళీ ఎక్కాడు.

మామయ్యగారు మాత్రం దిబ్బల వైపు చూడలేదు. ఒక వేపచెట్టు కోసం చూశారు. చెట్టు మొదలు ఇసకలో ఉంది, కొమ్మలు మన చేతికందుతున్నాయి. దాన్నుంచి పడమరగా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒకచోట నిలబడి, "బావి ఈడుండె" అన్నారు. ఈయన పక్కకెళ్ళి నిలబడ్డారు. ఇద్దరూ అక్కడ ఏదో ఉన్నట్టే కిందికి చూశారు.

వేదావతి, హగరి రెండూ ఒకటే ఏరు. కర్ణాటకలో బాబాబుడన్ కొండల్లో పుడుతుంది. హిరియూరు దగ్గర మారికణివె కనుమలో 1907లో మైసూరు వాళ్ళు దానికి కట్టిన ఆనకట్టే వాణీవిలాస సాగరం. దిగువన మన రాయదుర్గం వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు. ఏట్లో నీళ్ళు పారడం అరుదైతే మిగిలేది ఎండిన ఇసక. ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి ఇక్కడ రాత్రీ పగలూ ఆగదు. పడమటి కనుమల అవతలే వాన కురిపించుకుని, ఇటు ఒట్టి గాలిగా వస్తుంది. ఆ గాలి ఏటి ఇసకని ఎత్తి చేలల్లో పోస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇదే వరస.

ఇవన్నీ కారులో పెద్దదానికి నేను చెప్పిన పాఠం. పైన ఆనకట్ట, కింద ఎడారి, కారణం దొరికిందని నా ఉద్దేశం. మామయ్యగారు ఒప్పుకోలేదు.

"మా తాత కాలంలో గూడా ఇసక ఉండెనంటమ్మా. అప్పుడు ఇంత లేదు. గట్లెంబడి చెట్లుండె, కిత్తనార ఉండె. చెట్లు మేమే కొట్టినాం. బోర్లు మేమే ఏసినాం. అంతా పైనోళ్ళ మీదికి నెడితే ఎట్లా?"

"మరి నీళ్ళు వదిలుంటే ఇసక ఇంత ఎగిరేదా నాయనా?" అన్నారు ఈయన.

"2022లో వదల్లేదా మరి?"

ఆ ఏడాది వాణీవిలాస సాగరం 1933 తర్వాత మొదటిసారి నిండి పొర్లింది. హగరి రెండు గట్లూ తన్ని వచ్చిందట. జనం కొబ్బరికాయలు కొట్టారు. ఆ నీళ్ళు ఒక పక్క దిబ్బని కోసుకుపోయి ఇంకో రైతు చేలో పెట్టి పోయాయి. "మా ఇసక వానికి, పైనోని ఇసక మాకు" అన్నారాయన. ఇంతసేపటికి ఇప్పుడు నవ్వారు.

చిన్నోడు మోచేతి దాకా తవ్వి "తాతా, లోపల తడి!" అని కేకేశాడు. మామయ్యగారు వెళ్ళి వేలితో ముట్టుకుని, తలూపి, చెయ్యి పంచెకి తుడుచుకున్నారు.

29 సెప్టెంబర్, ఉరవకొండ

కాసేపే రాస్తాను, కళ్ళల్లో ఇంకా ఇసక గరగరలాడుతోంది. దారిలో కొండల మీద గాలిమరలు. చేను పూడ్చిన గాలికే ఇక్కడ కరెంటు పుడుతోంది. మొదటి నష్టం రైతుది, రెండో లాభం కంపెనీది. మరలు పెట్టిన చోట చేలున్నవాళ్ళకి కౌలు ముడుతుంది. మామయ్యగారి చేను ఏటి పల్లంలో ఉంది గనక అడిగినవాళ్ళు లేరు. ఈయన అమ్మేద్దామంటారు. కొనేదెవరని నేను అడగలేదు.

సాయంత్రం పెన్నహోబిలం. పెన్న ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి. ఎగువన ఉన్న జలాశయంలోకి తుంగభద్ర హైలెవల్ కాలువ నీళ్ళొస్తాయి. అంటే పెన్న పేరుతో ఉన్న జలాశయానికి తుంగభద్రే దిక్కు. బండల మధ్య పలచగా పారుతున్న నీళ్ళలో పిల్లలు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. పెద్దది, "ఇదేనా మన నది చెల్లెలు?" అంది. అక్క ఎవరో చెల్లెలెవరో నంది కొండల్ని అడగాలి.

30 సెప్టెంబర్, ఆళ్ళగడ్డ

గండికోట. అందరూ ఫొటోలు తీసుకునే చోట మేమూ తీసుకున్నాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ నిజంగానే గొప్పది, కాదనను. పైనుంచి చూస్తే అంత కోతకీ ఎంత నది పారి ఉండాలో అనిపిస్తుంది. ఇప్పుడు అడుగున నిలిచిన నీళ్ళలో ఎక్కువ భాగం శ్రీశైలం నుంచి గాలేరు నగరి కాలువ మీద వచ్చిన కృష్ణ. జనం, డ్రోన్లు, మొక్కజొన్న పొత్తులు. తొందరగానే బయటపడ్డాం.

1 అక్టోబర్. ఎగువ అహోబిలం నుంచి వచ్చాక

ఆయుధపూజ. లాడ్జి ముందు కారుకి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం.

గుడి వెనక నుంచే అడవి మొదలు. భవనాశిని వాగు పక్కన దారి. కొంత దూరం మెట్లు, ఆ తర్వాత బండలు, మళ్ళీ మెట్లు. చేతికర్రలు అద్దెకిస్తారు, నడవలేనివాళ్ళకి డోలీలున్నాయి. మామయ్యగారు డోలీ వద్దని, నడకా వద్దని, గుడి మంటపంలోనే కూర్చున్నారు. మాతో ఒక చెంచు కుర్రాడు వచ్చాడు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన స్వామి కాబట్టి ఇక్కడి చెంచులకి ఆయన అల్లుడి వరస. కుర్రాడు కూడా స్వామి గురించి అట్లాగే మాట్లాడాడు, కాస్త చనువుగా, కాస్త ఫిర్యాదుగా.

నిన్నటి వరకూ ఆకాశం తప్ప నెత్తిన ఏమీ లేదు. ఇక్కడ ఆకాశమే దొరకలేదు. మద్దిమాన్లు, వెదురు పొదలు, బండల్ని చుట్టుకుని పాకిన లావు తీగలు. అది అడ్డతీగ, ఆకులు విస్తర్లు కుడతారు అన్నాడు కుర్రాడు. ఎర్రటి రాతి పొరలు పుస్తకాలు పేర్చినట్టు ఒరిగి ఉన్నాయి. వాటి సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వాన పడి ఎన్నాళ్ళైందని అడిగితే వారం పైనే అన్నాడు. వారం కిందటి వాన ఇంకా కొండలోంచి దిగుతూనే ఉంది! హగరి గట్టున అయితే పడిన పూటే ఇంకిపోయేది, లేకపోతే పారిపోయేది. ఆ కొసన చెట్లు కొట్టినాం అన్న మామయ్యగారి మాట మాలోల నరసింహస్వామి గుడి మెట్ల మీద ఊపిరి తీసుకుంటూ ఉన్నప్పుడు అర్థమైంది. ఆనకట్ట సంగతి నేనింకా వదిలిపెట్టలేదు, అది వేరే.

చిన్నోడు చిప్స్ పొట్లం వాగులో పడేశాడు. కుర్రాడు ఒక్క మాట అనకుండా దిగి, తెచ్చి, వాడి జేబులోనే కుక్కాడు. ఆ తర్వాత కోతి అదే జేబు మీదకి దూకింది. ఇంతకంటే మంచి శిక్ష నేను వెయ్యలేను.

జ్వాలా నరసింహస్వామి దగ్గరికి వెళ్ళేసరికి పైనుంచి జలపాతం దారి మీదే పడుతోంది. అందులోంచే వెళ్ళాలి. తడిశాం. ఈయన కళ్ళజోడు తుడుచుకోవడం మానేసి చేత్తో పట్టుకుని నడిచారు. ఉగ్రస్తంభం ఇంకా పైన. దారి నిటారు. పెద్దది వెళ్దామంది, కుర్రాడు చిన్నోడి కాళ్ళు చూసి అడ్డంగా తలూపాడు. పెద్దది అలిగి దిగువ దాకా మాట్లాడలేదు.

మంటపంలో మామయ్యగారు పక్కూరి రైతులతో కూడి ఉన్నారు. నల్లమల పడమటి వాలున పడ్డ వాన కుందూలోకి పోయి, అక్కణ్ణుంచి పెన్నలో కలుస్తుందని వాళ్ళ దగ్గర తెలుసుకుని, మమ్మల్ని చూడగానే చెప్పారు. మేం తెచ్చిన ప్రసాదం కంటే ఆ కబురే ఆయనకి రుచించింది.

4 అక్టోబర్, కిరుమాంబాక్కం

నిన్న రాత్రి చేరాం. రాయచోటి, పీలేరు, చిత్తూరు, వేలూరు. దారి గురించి రాయడానికేం లేదు, పిల్లలు నిద్రపోయారు.

సాయంత్రం మామయ్యగారికి టీ కావాలంటే మెయిన్ రోడ్డు మీది కొట్టుకి తీసుకెళ్ళాను. బాహూరు వైపు రైతులు ఇద్దరు కూర్చున్నారు. మామయ్యగారికి తమిళం రాదు, కన్నడం వచ్చు. వాళ్ళలో ఒకాయన హోసూరులో పనిచేసి వచ్చినవాడు. రెండు భాషల మధ్య ఎక్కడ తెగితే అక్కడ నేను. చెరువు ఇంకా నిండలేదు, ఈశాన్య రుతుపవనం రావాలి, కాలువలో గుర్రపుడెక్క తియ్యాలి.

"పైనుంచి నీళ్ళు రాకపోతే?" అని అడిగారు మామయ్యగారు.

పెన్నైకి ఉపనది మార్కండేయ మీద యర్గోల్ దగ్గర కర్ణాటక ఆనకట్ట కట్టిందని, తమిళనాడు సుప్రీంకోర్టుకి వెళ్ళిందని పెద్దాయన చెప్పాడు. నీళ్ళు రాకపోతే బోరు ఉంది అన్నాడు రెండోవాడు.

"ఎన్ని అడుగులు?"

వాడు చెప్పాడు. మామయ్యగారికి ఆ అంకె ఆటలా అనిపించింది, అనంతపురంలో అంత లోతున తేమ కూడా తగలదట. ఇంకా దించొచ్చు కదా అన్నారు. దించితే ఉప్పు, సముద్రం అదిగో అని తూర్పుకి చెయ్యి చూపించాడు వాడు.

మామయ్యగారు చాలాసేపు ఆ ఉప్పు గురించే అడిగారు. ఎన్నేళ్ళుగా, ఎంత దూరం వచ్చింది, చెట్లుంటే ఆగుతుందా. తీరం వెంబడి సరుగుడు తోపులుండేవని, 2011 థానే తుఫానుకి చాలావరకు పడిపోయాయని వాళ్ళు చెప్పారు. పడ్డ చోట మళ్ళీ నాటారా అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. కొంతమంది నాటారు, కొంతమంది ప్లాట్లు వేశారు.

రేపు పొద్దున ఆయన సొర్ణావూరు ఆనకట్ట చూడాలట. ఈయనకి డ్యూటీ. స్కూటీ మీద నేనే తీసుకెళ్ళాలి. మోకాళ్ళ తైలం సీసా ఆళ్ళగడ్డ లాడ్జిలో వదిలేసి వచ్చామని ఇప్పుడే తేలింది.