ఆ రోజు మేం నోరు విప్పలేదు

ఇంటర్ చదివే రోజుల్లో మేం ఉన్న హాస్టల్లో గదికి పన్నెండు మందిమి. మా పక్కన పడుకునే పదహారేళ్ల మిత్రుడు ఒక రాత్రి మెస్ దగ్గర గొడవలో ఇనుప గరిటెతో ఇంకో అబ్బాయి తల పగలగొట్టాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు. "వాడు రౌడీ, ఎప్పటికైనా జైలుకే" అనుకుని ఊరుకున్నాం.

కొన్నాళ్లకు ప్రొబేషన్ అధికారి ఒకరు వచ్చి "ఈ అబ్బాయి ఎలాంటివాడు బాబూ?" అని అడిగారు. వాళ్లమ్మ పాచిపని చేస్తుందని నెల రోజులుగా వాణ్ణి ఏడిపిస్తున్న సంగతి మాకు తెలుసు. మేమూ కొన్నిసార్లు నవ్వాం. అయినా "మాకేం తెలియదు సార్" అన్నాం.

మా ఇళ్లలో మొదట డిగ్రీ పట్టా అందుకున్నది మేమే. ఇప్పుడు పీజీలో బాల న్యాయ చట్టం చదువుతుంటే ఆ ప్రశ్న విలువ తెలిసింది. 2012 ఢిల్లీ ఘటనలో మైనరుకు మూడేళ్లే పడిందని దేశమంతా మండిపడ్డాక 2015 చట్టం వచ్చింది. 16 నిండి 18 లోపు వాళ్లు ఘోర నేరం, అంటే కనీస శిక్ష 7 ఏళ్లు, ఆపైన ఉన్న నేరం చేస్తే, బోర్డు అంచనా వేసి బాలల న్యాయస్థానానికి పంపవచ్చు. మిగతావారికి గరిష్ఠంగా 3 ఏళ్లు ప్రత్యేక గృహం, లేదా ప్రొబేషన్ మీద ఇంటికి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ పిల్లవాడి ఇల్లు, చదువు, స్నేహాలు వారికి తెలిసేది ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో ఇవ్వాల్సిన సామాజిక విచారణ నివేదిక ద్వారానే. అందులోకి మా నోటి నుంచి వెళ్లాల్సిన నాలుగు మాటలు వెళ్లలేదు.

తల పగిలినవాడి బాధ చిన్నది కాదు. కొట్టడం తప్పే. కానీ ఎందుకు కొట్టాడో తెలియకుండా, మళ్లీ కొట్టకుండా చూడడం ఎలా?

ప్రొబేషన్ మీద ఇంటికొచ్చిన మిత్రుడు మళ్లీ కాలేజీకి రాలేదు. మొన్న సంక్రాంతికి మొదటిసారి వాళ్ల ఊరు వెళ్లాం. ఇటుకబట్టీలో లెక్కలు రాస్తున్నాడు. "నెలనెలా ఆ సారు దగ్గరికి వెళ్లేవాణ్ణిరా. అన్నం తిన్నావా అని ఆయనొక్కరే అడిగేవారు" అన్నాడు. మాకు మాట రాలేదు. చట్టం ప్రకారం ఆ కేసు చదువుకూ ఉద్యోగానికీ అడ్డు కాదని చెప్పాం. ఓపెన్ ఇంటర్ ఫారం తెచ్చి దగ్గర కూర్చుని నింపించాం.

తమ్ముళ్లూ! రేపు ఎవరైనా వచ్చి అడిగితే తెలిసింది చెప్పండి. అంతకంటే ముందు, మీ పక్కవాణ్ణి ఏడిపిస్తుంటే ఆ రోజే అడ్డం పడండి. మేం పడలేదు.