లా స్టూడెంట్స్ కాన్ఫరెన్స్.. ఈసారి గోదారి గట్టున పెడితే?

పర్యావరణ చట్టాల మీద స్టూడెంట్స్ కాన్ఫరెన్స్ అనగానే ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్ గుర్తొస్తాయి. మరి రాజమండ్రి ఎందుకు కాకూడదు? "మా ఊళ్లో పెడతాం, మాకివ్వండి" అని గోదావరి జిల్లాల లా స్టూడెంట్స్ బిడ్ వేస్తే అందులో ఏం రాయాలి?

హాలు, ప్రయాణం గురించి నాలుగు లైన్లు చాలు. హౌరా-చెన్నై మెయిన్ లైన్ మీద స్టేషన్ ఉంది. మధురపూడిలో ఎయిర్‌పోర్ట్ ఉంది. మీటింగులకి ఆనం కళాకేంద్రం ఉంది. మిగతా పేజీలన్నీ డెల్టాకే ఇచ్చేయండి. పుస్తకంలో చదివిన కేసులు ఇక్కడ బస్సు కిటికీలోంచి కనబడతాయి మరి!

రూట్ 1: కోరంగి

కాకినాడ దాటి తాళ్లరేవు వైపు వెళ్తే రోడ్డు పక్కన రొయ్యల చెరువులు, కాస్త ముందుకెళ్తే కోరంగి మడ అడవులు. చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. మట్టిని పట్టి ఉంచేవీ, అలల జోరు తగ్గించేవీ అవే. 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. నెల దాటాక, డిసెంబర్ 11న, ఎస్.జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ జోన్‌లో సంప్రదాయ పద్ధతులు తప్ప మిగతా రొయ్యల సాగు కుదరదంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ సాగుకి మళ్లీ దారి చూపించింది. తీర్పు, చట్టం, చెరువు, అడవి.. నాలుగూ ఒకే రోజులో చూసే చోటు ఇంకెక్కడుంది?

రూట్ 2: కోనసీమ

రావులపాలెం మీదుగా వెళ్తే కొబ్బరి చెట్ల మధ్య గ్యాస్ పైపులైన్లు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయ్యింది. మంటలు ఆర్పడానికి రెండు నెలలకు పైనే పట్టింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ప్రమాదకరమైన పని చేసే సంస్థ, తన తప్పు లేకపోయినా నష్టానికి బాధ్యత వహించాల్సిందే అనే సూత్రాన్ని ఢిల్లీ ఓలియం గ్యాస్ లీక్ కేసులో చదివే ఉంటారు. ఆ సూత్రం ఊరి మనిషి దాకా ఎంతవరకు వచ్చిందో ఇక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

రూట్ 3: కొల్లేరు

1999లో ప్లస్ 5 కాంటూరు వరకు దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో అక్రమ చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. బుడమేరు, తమ్మిలేరు వరద కొల్లేట్లో ఆగి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలవాలి. గట్లు అడ్డొస్తే నీళ్లు ఊళ్ల మీదకొస్తాయి. అది ఒక వాదన. గీత లోపల జిరాయితీ భూములున్న వాళ్లు ప్లస్ 3కి తగ్గించమంటున్నారు. అది ఇంకో వాదన. ఆటపాక పక్షుల్ని చూశాక రెండు వైపులా వినాలి.

బిడ్‌లో అసలు పేజీ

ఇంతకీ ఈ మూడు చోట్లా కామన్‌గా ఉన్నదేంటి? సమస్య ఇక్కడిది, వాదన ఎక్కడో. ఆంధ్రా కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ బెంచ్ చెన్నైలో ఉంది. అక్కడ వ్యవహారమంతా ఇంగ్లిష్‌లోనే. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ డ్రాఫ్ట్‌ను మన భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది! అందుకే బిడ్‌లో ఒక షరతు పెట్టండి. ఒక పూట సెషన్ పూర్తిగా తెలుగులో జరగాలి. వేదిక మీద వేటకెళ్లే వాళ్లు, రొయ్యల రైతులు, కొల్లేటి లంకల వాళ్లు కూర్చోవాలి. బయటి రాష్ట్రాల స్టూడెంట్స్‌కి అనువాదం పెడదాం. ఒక్క పూటైనా హెడ్‌ఫోన్లు వాళ్లు పెట్టుకుంటారు.

డేట్లు, జాగ్రత్తలు

జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరదలు, అక్టోబర్-నవంబర్‌లో తుపాన్లు, సంక్రాంతికి రైల్లో సీటు దొరకదు. జనవరి ఆఖరు బెస్ట్. కొల్లేట్లో వలస పక్షులు అప్పటికింకా ఉంటాయి. బోటు ఎక్కించాలంటే అనుమతి, లైఫ్ జాకెట్లు తప్పనిసరి అని రాయండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. అది మర్చిపోయి ప్లాన్ వేయొద్దు.

భోజనం అరిటాకులో, మంచినీళ్లు స్టీలు గ్లాసులో. పర్యావరణ సదస్సు పెట్టి ప్లాస్టిక్ సీసాలు పంచితే బాగోదు కదా! తిరిగెళ్లేటప్పుడు చేతికి ఆత్రేయపురం పూతరేకులు. మర్యాద విషయంలో గోదారోళ్లతో పోటీకి ఎవరొస్తారండీ? కాకపోతే ఈ బిడ్ గెలవాల్సింది మర్యాదతో కాదు, ఆ తెలుగు సెషన్‌తో.