ఏకాకి యాత్ర

కెనడా దేశములో 7,000 కిలోమీటర్లకు మించిన మహామార్గముపై ఒంటరిగా కారు నడుపుకొని పోవువారు కలరు. ఖమ్మము నుండి భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్లే. అయినను కాలినడకన ఒక్కడే బయలుదేరినవానికి, పాల్వంచ దాటిన పిదప, అదియు మహాయాత్రయే. శ్రీరామనవమి నాటికి టేకు ఆకు రాల్చియుండును. నీడ సైతము తోడురాదు. వేకువనే ఇప్పపూలు ఏరుకొను కోయ స్త్రీలు "ఒక్కడివేనా?" అని అడుగుదురు. ఆ ప్రశ్న చిన్నది కాదు.

భాగవత ఏకాదశస్కంధములో అవధూత తన 24 గురువులలో ఒక కన్యను పేర్కొనెను. ఇంటికి వచ్చిన అతిథులకై ఆమె వడ్లు దంచుచుండగా గాజులు మ్రోగినవి. ఒక్కొక్కటిగా తొలగించి చేతికొకటి నిలుపుకొనగా శబ్దము ఆగినది. కనుక ఒంటరిగా చరింపవలెనని అవధూత గ్రహించెను. అయితే ఆమె ఇల్లు విడువలేదు, అతిథులను పంపివేయలేదు, దంచుట మానలేదు! అడవిలో నడచుచు మనస్సులో పాత వ్యాజ్యములను తిరుగదోడువాని చేతికి ఇంకను రెండు గాజులున్నట్లే.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న ఈ సీమవాడే. గోలకొండ చెరలో 12 సంవత్సరములు గడిపెనని ప్రసిద్ధి. ఆయన కీర్తనలలో రాముని నిలదీయుట కలదు, తన మొర విన్నవింపుమని సీతమ్మను వేడుట కలదు. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కువరకు ఒంటరి పాదచారులు నేటికిని వానినే పాడుకొందురు.