ఒకే బెంచీ, మూడు ఫీజులు

మా బహ్లాలో తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. శుక్రవారం ఎవరింట్లో కలిసినా, బిర్యానీ గిన్నె ఖాళీ అయ్యేలోపు మాట పిల్లల చదువు మీదికి వస్తుంది. ఎవరి పిల్లకైనా డాక్టరు కావాలని ఉందంటే ఇక ఆ పూటంతా అదే. "ఎక్కడ తక్కువలో అవుతుంది వదినా? స్కాలర్‌షిప్ ఏమన్నా ఉందా?" మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఎంబీబీఎస్‌లో చేరిన దగ్గర్నుంచి ఈ ప్రశ్నలు మస్కట్ నుంచి, సలాలా నుంచి కూడా ఫోన్లో వస్తున్నాయి. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెడదామని కూర్చున్నాను.

తక్కువ ఫీజు కాలేజీ అని ఎక్కడో ఒకటి ఉంటుందని మనం వెతుకుతుంటాం. కానీ మన దేశంలో మెడిసిన్ ఫీజు కాలేజీ కంటే సీటును బట్టి ఉంటుంది. తెలంగాణలో ఏదో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ తీసుకోండి. కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60 వేలు. బీ కేటగిరీకి 11 నుంచి 13 లక్షలు. ఎన్నారై సీటుకు దానికి రెట్టింపు దాకా. ముగ్గురూ కూర్చునేది ఒకే బెంచీ మీద, వినేది ఒకే పాఠం. అదే ప్రభుత్వ కాలేజీ అయితే ఏడాదికి 10 వేలు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో ఇంకా తక్కువ. కోర్సు మొత్తానికి లెక్క వేస్తే ఈ కొసకూ ఆ కొసకూ తేడా కోటి రూపాయల దగ్గరికి వస్తుంది. మెరిట్ స్కాలర్‌షిప్ అంటే చేతికి చెక్కు ఇస్తారనుకుంటాం. మెడిసిన్‌లో మంచి ర్యాంకుకు దొరికే చవక సీటే ఆ చెక్కు.

అయితే ర్యాంకు ఒక్కటే సరిపోదు, మనవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే. తెలంగాణలో కన్వీనర్ సీటుకు "లోకల్" కావాలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు వరసగా అక్కడే చదివి ఉండాలి. ఈ నాలుగేళ్ల లెక్క ఎప్పట్నుంచో ఉన్నదే. 2024లో జీవో 33తో ఇంకా బిగించారు, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తాతముత్తాతల ఊరు జగిత్యాలైనా, ఆధార్ మీద అదే అడ్రసు ఉన్నా, పిల్ల నిజ్వాలో చదివితే నాన్‌లోకలే. ఆంధ్రలోనూ స్థానికత లెక్క నాలుగేళ్ల చదువు మీదే నడుస్తుంది. అంటే పన్నెండో తరగతిలో మొదలుపెట్టే వెతుకులాట నిజానికి ఎనిమిదిలోనే మొదలవ్వాలి.

మాకు ఆ సంగతి ముందే తెలుసు. పెద్దమ్మాయి ఎనిమిదిలో ఉన్నప్పుడు మా అత్తమ్మ ఫోన్లో రోజూ ఒకటే మాట: "పిల్లను నా దగ్గర ఇడువుండ్రి బిడ్డా, నేను చూసుకుంట." మా ఆయన లెక్కలు కాగితం మీద వేశాడు. కరీంనగర్‌లో హాస్టలున్న కాలేజీ, ఏడాదికింత, ఇన్ని టిక్కెట్లు. నేను వద్దన్నాను. పద్నాలుగేళ్ల పిల్ల పొద్దున ఐదింటికి లేచి స్టడీ అవర్‌లో కూర్చోవడం, ఏడాదికొక్కసారి నన్ను చూడడం, అదీ రాని సీటు కోసం. ఇప్పుడడిగినా అదే చెబుతాను. వేరే తల్లి వేరేలా అనుకుంటే తప్పు పట్టను. మా పక్కింటావిడ కొడుకును పంపింది, వాడు లోకల్ అయ్యాడు, బాగానే ఉన్నాడు.

లోకల్ వదులుకున్నాక మాకు మిగిలింది ఆలిండియా కోటా. ప్రతి రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం, వాటితోపాటు ఎయిమ్స్‌లు, జిప్‌మర్. పిల్ల ఎక్కడ చదివిందని ఇందులో అడగరు, భారత పౌరురాలైతే చాలు. గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా పౌరసత్వం రాదని మనం నిట్టూరుస్తాం కదా, ఈ ఒక్కచోట ఆ నీలం పాస్‌పోర్టే మేలు చేసింది. అమెరికాలో ఉన్న చెల్లెళ్లు ఇది గమనించండి: 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్న పిల్లలకు ఎన్నారై సీట్లే, పౌరులకు కేటాయించిన సీట్లు రావు.

బహ్లాలో నీట్ కోచింగ్ సెంటరు లేదు. కోట ఉంది, కుండలు చేసే బట్టీలు ఉన్నాయి, జిన్నుల కథలు కావలసినన్ని ఉన్నాయి. అందుకని అంతా ఆన్‌లైనే. ఇండియా పాఠం సాయంత్రం ఆరింటికంటే మాకు నాలుగున్నర. నిజ్వా స్కూలు నుంచి నలభై కిలోమీటర్లు వచ్చి, అన్నం కంచం ముందే పెట్టుకుని క్లాసులో కూర్చునేది. పరీక్షకు విదేశీ సెంటర్ల ఫీజు 9,500 రూపాయలు, ఇండియాలో రాసేవాళ్లకు 1,700. అయినా మస్కట్‌లో సెంటరు ఉండడమే పెద్ద ఊరట, విమానం ఖర్చు తప్పింది. 2025 మే 4న ఇండియాలో రెండింటికి మొదలైన పరీక్ష మాకు పన్నెండున్నరకు. ఫిజిక్స్ చూసి బయటికొచ్చిన పిల్లలందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయి.

కౌన్సెలింగ్‌లో నేను నేర్చుకున్నది ఒకటుంది. మనకు తెలిసిన కాలేజీలే కాదు, తెలియని ఊళ్లవీ పెట్టాలి. మా అమ్మాయికి సీటొచ్చిన ఊరి పేరు నేను అంతకుముందు వినలేదు. భాష రాదు, రైలు దిగి మళ్లీ బస్సెక్కాలి. కానీ ఏడాది ఫీజు మా బహ్లా ఇంటి రెండు మూడు నెలల అద్దె. చేరే ముందు బాండ్ కాగితం మాత్రం రెండుసార్లు చదివాం. కొన్ని రాష్ట్రాల్లో చదువయ్యాక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేయాలి, లేకపోతే లక్షల్లో కట్టాలి. ఆప్షన్ పెట్టకముందే చూసుకోవలసిన లెక్క ఇది.

విదేశాంగ శాఖ ఇచ్చే ఎస్‌పీడీసీ స్కాలర్‌షిప్ గురించి చాలామందికి తెలియదు. ప్రవాసుల పిల్లలకు ఏటా 150, అందులో 50 ఒమన్ లాంటి ఈసీఆర్ దేశాల్లో పనిచేసేవారి పిల్లలకు. ట్యూషన్, హాస్టల్ ఖర్చులో 75 శాతం దాకా, ఏడాదికి 4,000 డాలర్లు మించకుండా ఇస్తారు. మెడిసిన్ పిల్లలకు మొదటి ఏడాది ఇవ్వరు, రెండో ఏడాది నుంచే. ఆదాయ పరిమితి, వయసు, గుర్తింపు ఉన్న సంస్థల జాబితా ఉంటాయి. మేం వచ్చే ఏడాదికి కాగితాలు సర్దుకుంటున్నాం.

ఎన్నారై కోటా అంటే మన పేరు మీదే ఉంది కదా అనుకుంటారు. అది జీతగాళ్ల కోటా కాదు. పైగా మేం ఒమన్‌లో ఉన్నామని తెలిసి, ఇండియాలో చుట్టాలు "స్పాన్సర్‌గా సంతకం పెట్టండి" అని అడుగుతారు. ఆడపడుచు కొడుకు, తోడికోడలి చెల్లెలి కూతురు, ఇలా పెరుగుతుంది జాబితా. పంజాబ్ ప్రభుత్వం మేనమామలు, పిన్నమ్మల దాకా ఆ కోటాను సాగదీస్తే 2024లో సుప్రీంకోర్టు గట్టిగా చివాట్లు పెట్టింది. ఆ వార్త కత్తిరించి పెట్టుకోండి, కాదనడానికి పనికొస్తుంది.

ఇక జార్జియా, కిర్గిజ్‌స్థాన్. "యాభై శాతం స్కాలర్‌షిప్" అని ఒక ఏజెంటు మా ఇంటికే వచ్చాడు. ఏ ఫీజులో యాభై శాతమో అడిగితే బ్రోచర్ మడిచాడు. వెళ్లొద్దని నేననను. నీట్ అర్హత తప్పనిసరి. 2021 నవంబరు నిబంధనల ప్రకారం ఒకే యూనివర్సిటీలో ఇంగ్లీషులో కనీసం 54 నెలల చదువు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత ఉండాలి. తిరిగొచ్చాక రాసే పరీక్షలో సగం మంది కూడా గట్టెక్కడం లేదు. మన సోహార్‌లోనూ మెడికల్ కాలేజీ ఉంది, పిల్ల కళ్లెదుటే ఉంటుంది. కానీ ఫీజు వేల రియాళ్లలో, ఒక రియాల్ 220 రూపాయల పైమాట.

మావాడు ఇప్పుడు ఎనిమిది. వచ్చే ఏప్రిల్‌లో తొమ్మిది. అక్కను చూసి వాడూ డాక్టరు అంటున్నాడు. అత్తమ్మ మళ్లీ ఫోన్ మొదలుపెట్టింది, ఈసారి వాడే "నాయనమ్మ దగ్గరికి వెళ్తా" అంటున్నాడు. అక్కకు చెప్పిన కారణాలు వాడికి పనికిరావడం లేదు. టీసీ తీసుకోవాలా వద్దా అన్నది మార్చిలోపు తేల్చాలి. కాగితం మళ్లీ మా ఆయన చేతిలోనే ఉంది.