కాశీకి వెళ్ళే అమ్మగారి మందుల సంచి

"నాన్నగారు పోయి రెండు నెలలైంది. అమ్మకు 70 ఏళ్ళు. బి.పి., షుగరు ఉన్నాయి. అస్థికలు కాశీలో కలపాలని పట్టుబడుతోంది. తీసుకువెళ్ళవచ్చునా, డాక్టరుగారూ?"

ఈ ప్రశ్న నా ఓ.పి. బల్ల దగ్గర ఏడాదికి నాలుగైదుసార్లయినా వింటాను. అడిగేది కొడుకో, కోడలో. పక్కన స్టూలు మీద కూర్చున్న ఆవిడ మాత్రం ఏమీ అడగదు. వెళ్ళాలని ఆవిడ ఎప్పుడో నిశ్చయించుకుంది.

తీసుకువెళ్ళండి అనే చెబుతాను. కాని ఈ రెండు నెలల్లో ఆవిడ ఎన్ని రోజులు మందులు వేసుకున్నదో ముందు కనుక్కోమంటాను. సాధారణంగా కొడుకు మొహం కోడలూ, కోడలి మొహం కొడుకూ చూసుకుంటారు.

మన ఇళ్ళలో ఎవరైనా పోతే పది పన్నెండు రోజులు ఇల్లంతా బంధువులే. పోయినవారి మందులన్నీ ఎవరో ఒక సంచిలో వేసి బయట పారేస్తారు. ఆ సంచిలోనే ఆవిడ మందులూ వెళ్ళిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. "ఇంక నాకెందుకు ఈ మాత్రలు?" అని ఆవిడ అంటే ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. కొన్ని రకాల బి.పి. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు మునుపటికన్నా పైకి ఎగురుతుంది. గుండెదడ, ఛాతీనొప్పి కూడా రావచ్చును.

దీనికి తలకిందులైన ప్రమాదం ఇంకొకటి ఉంది. మాత్ర మానదు, అన్నం మానేస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు. వాటి పని అవి చేసుకుపోతాయి. ఒకావిడను పదకొండో రోజున మా ఆస్పత్రికి తెచ్చారు. దుఃఖంతో సొమ్మసిల్లిందనుకుని గంటసేపు మొహాన నీళ్ళు చల్లుతూ కూర్చున్నారట. పరీక్షచేస్తే రక్తంలో చక్కెర 38. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి కళ్ళు తెరిచి, "పిండం పెట్టడం అయిందా?" అని అడిగింది. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఒక్క బొట్టు రక్తంతో తేలిపోయే సంగతి ఇది. ఒక పూట భోజనమే చేస్తామనేవారు ఆ రోజులకు మాత్ర ఎంత తగ్గించాలో డాక్టరును అడగాలి. ఇది ఆచారానికి అడ్డం కాదు.

దుఃఖం మనసులోనే ఉండిపోదు. బ్రిటన్‌లో భార్య పోయిన 55 ఏళ్ళు పైబడిన మగవారిని 4,486 మందిని పరిశీలించి 1963లో ఒక వ్యాసం ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లో వారిలో మరణాలు మామూలుకంటే సుమారు 40 శాతం ఎక్కువ. ఆప్తులు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు అవకాశం దాదాపు 21 రెట్లు పెరుగుతుందనీ, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుందనీ 2012లో అమెరికాలో చెప్పారు. ఆరోగ్యవంతులు దీనికి బెంబేలు పడనక్కరలేదు. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ఆ రోజుల్లో ఛాతీ బరువును "ఏడ్చి ఏడ్చి వచ్చిందిలే" అని వదిలెయ్యకూడదు. ఇ.సి.జి. తీయించాలి.

ఇక ప్రయాణం. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి కాశీ చూసి తిరిగి రావడానికి పదిహేను నెలలు పైగా పట్టింది. మనకు సికింద్రాబాదు నుంచి రైల్లో ఒక రోజు పైచిలుకు. మా నాన్నగారు 2022లో పోయారు. మరుసటి ఫిబ్రవరిలో 76 ఏళ్ళ మా అమ్మను నేనే తీసుకువెళ్ళాను. ఏడాది లోపల యాత్రలేమిటని మా పెదనాన్న గొణిగాడు. అస్థి నిమజ్జనానికి ఆ పట్టింపు లేదని పురోహితుడు తేల్చాడు. మందులు పెట్టెలో వేసి తాళం వెయ్యలేదు, చేతిసంచిలోనే పెట్టాను. ఇన్సులిన్ సీసా ఐసుముక్కల మధ్య పెట్టకండి, గడ్డకడితే పనికిరాదు. వాడుతున్న సీసా ఎండ తగలకుండా ఉంటే ప్రయాణానికేం ఢోకా లేదు. మరుగుదొడ్డికి లేవాలని నీళ్ళు తాగడం మానే పెద్దవాళ్ళున్నారు. అమ్మా ఆ కోవలోదే. గంటగంటకూ లేపి పెట్టెలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించాను, విసుక్కుంది.

ఘాట్ మెట్లు షుగరు ఉన్నవారికి చెడ్డవి. స్పర్శ తగ్గిన పాదాలకు రాయి గుచ్చుకున్నా తెలియదు. రాత్రి బసలో అరికాళ్ళు చూసి తీరాలి. చలికాలపు తెల్లవారుజామున గంగలో నిండా మునగడం గుండెజబ్బు వారికి మంచిది కాదు. నెత్తిన చల్లుకుంటే చాలునని అక్కడి పురోహితులే చెబుతారు.

నాకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు. ముప్పై ఏళ్ళుగా మరణ ధ్రువపత్రాల మీద సంతకాలు పెడుతున్నవాణ్ణి. పడవలో అమ్మ ఆ మూట విప్పి, నీళ్ళవైపు వంగి, "ఏమండీ, వచ్చేశాం" అంది, ఊరు చేరినట్టు. నేను చాలాసేపు అవతలి ఒడ్డు చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి అమ్మ రెండోసారి అన్నం వడ్డించుకుంది. ఆరు నెలల్లో 58 కిలోల నుంచి 51కి దిగిన మనిషి. ఉగాదినాటికి 53. కాశీ నయం చేసిందని నేను అనను, లెక్క మాత్రం చెబుతున్నాను. నెలలు గడిచినా తిండి, నిద్ర పట్టనివారు, "నన్నూ తీసుకుపొమ్మను" అనేవారు ఉంటే యాత్ర ఒక్కటే చాలదు. మానసిక వైద్యునికి చూపించండి. ప్రభుత్వంవారి టెలిమానస్ 14416కు ఫోను చేసినా పలుకుతారు.

కాశీలో ఇష్టమైనదొకటి వదిలిపెట్టాలి కదా. "ఈ మాత్రలు వదిలేస్తాను" అంది అమ్మ.

"ఇష్టమైనది వదలాలమ్మా. మాత్రలు నీకెప్పుడు ఇష్టం?" అన్నాను.

నవ్వింది. కాసేపాగి, కాఫీ వదిలేస్తానంది. యాభై ఏళ్ళుగా ఐదింటికి నాన్నగారితో కూర్చుని తాగిన కాఫీ అది, రెండు చెంచాల పంచదారతో. వైద్యుడిగా నేను అభ్యంతరం చెప్పవలసిందేమీ లేదు. ఇప్పుడు ఆ వేళకు రాగిజావ తాగుతోంది.