వంశధార ఒడ్డున ఒక సాయంత్రం

సంక్రాంతికి శ్రీకాకుళంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు, అందరం కళింగపట్నం వెళ్ళాం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. తెల్లవాళ్ళ కాలంలో ఓడలొచ్చిన రేవు! మేం వెళ్ళినరోజు దీపస్తంభం, ఇసుక, ఆరేసిన వలలు, అంతే. విశాఖలోలా బజ్జీల బళ్ళూ, తోపులాటా లేవు.

పులిహోర డబ్బా విప్పానో లేదో, మా చిన్నది ఏరు కలిసేవైపు పరుగెత్తింది. నీళ్ళు అక్కడ చెరువులా నిదానంగా ఉన్నాయి మరి. వల సర్దుకుంటున్న ఒకావిడ గబుక్కున దాని చెయ్యి పట్టుకుని, "మొగ కాడ దించకండమ్మా, అడుగున లాగేస్తాది" అంది. గుండె ఝల్లుమంది. ఆ తర్వాత పులిహోర ఎవరికీ దిగలేదు, మావారికి తప్ప! ఆవిడకి ఆకులో పెట్టిస్తే మనవడికని పట్టుకెళ్ళింది.

మీరు వెళితే మంచినీళ్ళు, గొడుగు మరిచిపోకండి. పనిలోపనిగా శాలిహుండం కొండమీది బౌద్ధ స్తూపాలు కూడా చూసి రావచ్చు.